చైనావాళ్లకి ఇంగ్లీష్ నేర్పుతావా? డబ్బు మాటలతో మొదలుపెట్టు

గ్వాంగ్‌జౌకి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న: "అన్నా, ఆఫీసులో చైనా కొలీగ్స్ సాయంత్రాలు ఇంగ్లీష్ నేర్పమని వెంటపడుతున్నారు. నాకు తెలియని మాటలు కూడా వాళ్లకి తెలుసు, కానీ నోరు విప్పితే ఎక్కడో తేడా కొడుతోంది. ఎలా నేర్పాలి? ఫీజు తీసుకోవచ్చా? ఇంకా సర్వీస్ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటున్నాను, ఇక్కడ చాలా ఒంటరిగా కూడా అనిపిస్తోంది."

ఒంటరితనం సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. అది అందరికీ ఉండేదే, వంట నేర్చుకుంటే సగం తగ్గుతుంది. ముందు ఫీజు విషయం తేల్చేద్దాం: తీసుకోకు. నీ వర్క్ పర్మిట్ మీద ఏ కంపెనీ పేరుంటే ఆ కంపెనీ పనే చెయ్యాలి. పక్కన ఇంకో సంపాదన పెట్టుకుని దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, వ్యవహారం ముదిరితే 5 నుంచి 15 రోజులు లాకప్‌లో వేస్తారు. పిల్లల ట్యూషన్ల మీదైతే 2021 జులై నుంచి ఆంక్షలు మరీ గట్టిగా ఉన్నాయి. మిగతా రూల్స్ నువ్వే చూసుకో, అన్నీ దొరుకుతాయి. డబ్బుకి బదులు వాళ్ల చేత చైనీస్ నేర్పించుకో. నీ ఫీజు కన్నా అదే ఎక్కువ మిగులుస్తుంది. ఎలాగో చెప్తాను.

వాళ్లకి మాటలు చాలా తెలుసన్నావు, నిజమే. కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్ష కోసం సుమారు 3,500 ఇంగ్లీష్ మాటలు బట్టీ కొట్టి వస్తారు. ఆ జాబితాలు 'ఎ' అక్షరంతో మొదలై దాదాపు అందరికీ మొదటి మాటగా 'అబాండన్' తగులుతుంది. మొదటి రోజే అబాండన్ నేర్చుకుని పుస్తకం అబాండన్ చేశామని వాళ్లమీద వాళ్లే జోకు వేసుకుంటారు. కాబట్టి మళ్లీ మీనింగులు చెప్పుకుంటూ కూర్చోకు. నేను కొత్తలో అదే చేశాను. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, హైస్కూల్లో మా మాస్టారు చెప్పినట్టు బోర్డు మీద రాసి మరీ. వాళ్లు మర్యాదగా ఫొటోలు తీసుకున్నారు. మర్నాడు మళ్లీ అదే ఇంగ్లీష్.

చిక్కు ఎక్కడంటే, వాళ్ల బుర్రలో ప్రతి ఇంగ్లీష్ మాట వెనకా ఒక చైనీస్ మాట అంటించి ఉంటుంది. 'ఖాయ్' అంటే తెరవడం. లైటు వెయ్యడమూ ఖాయే, కారు నడపడమూ ఖాయే. అందుకే 'ఓపెన్ ద లైట్' అంటారు, 'ఓపెన్ మై కార్ టు ఆఫీస్' అని కూడా అంటారు. 'ఖాన్' అంటే చూడటం. టీవీ చూడటం, డాక్టర్ని కలవడం, పుస్తకం చదవడం అన్నింటికీ అదే మాట. ఇవి వింటే నవ్వొస్తుంది గానీ నష్టమేమీ లేదు. మాట్లాడేటప్పుడు అతడికీ ఆమెకీ 'థా' అన్న ఒక్కటే మాట, అందుకని ఎంత చదువుకున్నవాళ్లయినా 'హీ', 'షీ' తారుమారు చేస్తారు. దిద్దకు, వదిలెయ్. హీ అన్నా షీ అన్నా పైసా పోదు.

డబ్బు పోయే మాటలు వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది డిపాజిట్.

వచ్చిన కొత్తలో ఒక ఫ్లాట్ చూశాను. ఏజెంటు కుర్రాడు ఇంగ్లీష్ గడగడా మాట్లాడతాడు. "పే డిపాజిట్ టుడే, ఐ కీప్ రూమ్ ఫర్ యూ" అన్నాడు. హైదరాబాద్‌లో ఇంటికి అడ్వాన్స్ ఇచ్చినట్టే కదా, వద్దనుకుంటే బతిమాలో పోట్లాడో వెనక్కి తెచ్చుకోవచ్చు అనుకుని 2,000 యువాన్లు పంపేశాను. ఆ వారంలోనే ఆఫీసు దగ్గర ఇంకోటి చవగ్గా దొరికింది. వెళ్లి డబ్బు అడిగితే కాగితం చూపించాడు, కింద నా సంతకం. నేను గొంతు పెంచాను, వాడు నవ్వుతూనే ఉన్నాడు. మా ఆఫీసు అకౌంటెంట్ అమ్మాయికి ఫోన్ కలిపితే ఆవిడ కాగితం ఫొటో చూసి ఒక్క ముక్కలో తేల్చేసింది: రాదు.

సంగతేమిటంటే, వాళ్లు డిపాజిట్ అని చెప్పే మాట వెనక చైనీస్‌లో మూడు వేర్వేరు మాటలున్నాయి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగిచ్చేది 'యాజిన్'. గ్వాంగ్‌జౌలో మామూలుగా రెండు నెలల యాజిన్, ఒక నెల అద్దె ముందు కట్టమంటారు. రెండోది, మూడోది రెండూ పలకడానికి ఒకటే, 'డింగ్‌జిన్'. రాత మాత్రం వేరు. ఒకటి ఉత్త అడ్వాన్స్, బేరం కుదరకపోతే సాధారణంగా తిరిగొస్తుంది. ఇంకోటి బజానా లాంటిది. నువ్వు మాట తప్పితే అది పోయినట్టే, అవతలివాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలి. మొత్తం ఒప్పందం విలువలో 20 శాతం దాటకూడదని కూడా చట్టంలో ఉంది. కాగితం మీద ఎలా గుర్తుపట్టాలంటే, మొదటి అక్షరం నెత్తిన ఇంటి పైకప్పులాంటి గీత ఉంటే అది తిరిగిరాని డింగ్‌జిన్. నాకు చైనీస్‌లో చదవడం వచ్చిన మొట్టమొదటి అక్షరం అదే. 2,000 పెట్టి నేర్చుకున్నాను, నీకు ఉచితంగా చెప్తున్నాను.

నీ క్లాసుకి ఇంతకన్నా మంచి పాఠం లేదు. వాళ్ల చేత ఆ మూడు మాటలూ బోర్డు మీద రాయించు, ఒక్కోదానికి డిపాజిట్ అన్న మాట లేకుండా పూర్తి ఇంగ్లీష్ వాక్యం చెప్పమను. 'దిస్ మనీ విల్ బి రిటర్న్డ్ వెన్ యూ లీవ్', 'దిస్ మనీ విల్ నాట్ బి రిటర్న్డ్ ఇఫ్ యూ క్యాన్సిల్', అలాగన్నమాట. సప్లయర్లతో ఇంగ్లీష్‌లో బేరాలాడే వాళ్లకి ఇది ఎంత పనికొస్తుందో వాళ్లే చెప్తారు.

తర్వాత అంకెలు. ఇక్కడ మన తెలుగువాళ్లూ వాళ్లూ ఒకే గోతిలో పడతాం. మనం లక్షల్లో లెక్కపెడతాం, వాళ్లు 'వాన్'లలో, అంటే పదివేలల్లో. ఇద్దరం మధ్యలో మిలియన్ అనే ఇంగ్లీష్ వంతెన ఎక్కాలి, ఇద్దరికీ అది సొంత లెక్క కాదు. ఒకసారి ఫ్యాక్టరీ సేల్స్ అమ్మాయి 180 వాన్‌లకి 'ఎయిటీన్ మిలియన్' అనేసింది. ఉండాల్సింది 1.8 మిలియన్, మన లెక్కలో 18 లక్షలు. నేనేమో చకచకా మార్చేసి కోటీ ఎనభై లక్షలని మా బాస్‌కి రాసేశాను. ఆయన ఆ సప్లయర్‌నే వద్దన్నాడు. విషయం బయటపడేసరికి సరుకు ఇంకెవరికో వెళ్లిపోయింది. 100 వాన్‌లు ఒక మిలియన్, మన 10 లక్షలు కూడా అదే. ఈ ఒక్కటి వాళ్లూ నువ్వూ కలిసి కంఠతా పట్టండి. హోల్‌సేల్ మార్కెట్లలో చూశావుగా, రేటు నోటితో చెప్పరు, క్యాలిక్యులేటర్ మీద కొట్టి నీ ముందు పెడతారు. అనుభవంతో వచ్చిన తెలివి అది. వేళ్లతో చూపిస్తే మాత్రం జాగ్రత్త. బొటనవేలు, చూపుడువేలు చాపితే మనకి రెండు, వాళ్లకి ఎనిమిది.

డిస్కౌంట్ కూడా ఇలాంటిదే. షాపు మీద 8 అంకె వేసి పక్కన 'జ' అని పలికే చైనీస్ అక్షరం ఉంటే ఎనభై శాతం తగ్గింపని సంబరపడకు. అసలు రేటులో ఎనభై శాతం నువ్వు కట్టాలని అర్థం, తగ్గేది ఇరవయ్యే. చలికోటు కొనడానికి వెళ్లి బిల్లు కౌంటర్ దగ్గర నేను చేసిన వాదన తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. వాళ్లకి ఎదురు కష్టం ఉంటుంది. విదేశీ సైట్‌లో 'ట్వంటీ పర్సెంట్ ఆఫ్' అని చూస్తే మనసులో లెక్క తిరగేసుకోవాలి. 'ఆఫ్' అన్న ఆ చిన్న మాట మీద ఒక సాయంత్రమంతా ఖర్చుపెట్టినా తప్పులేదు.

బారో, లెండ్ రెండింటికీ వాళ్లకి 'జ్యె' ఒక్కటే. మన అప్పు లాగానే, ఇవ్వడమో తీసుకోవడమో పక్క మాటని బట్టి తెలుస్తుంది. జీతం ఆలస్యమైన ఒక నెలలో పక్క సీటు అమ్మాయి వచ్చి "ఐ బారో యూ ఫైవ్ హండ్రెడ్" అంది. నా దగ్గరే లేక చస్తుంటే ఈవిడొకతి అనుకుని, నా దగ్గర లేవమ్మా అని మొహం చిన్నబుచ్చుకున్నాను. పాపం ఆవిడ ఇస్తానని వచ్చింది. ఎంత మంచి మనిషో! ఆ తర్వాత మా ఇద్దరికీ బాగా కుదిరింది, నా చైనీస్ సగం ఆవిడ పెట్టిన భిక్షే.

ఎస్, నోలు ఇంకో తమాషా. "డబ్బు ఇంకా రాలేదా?" అంటే మనం "అవును, రాలేదు" అంటాం. వాళ్లూ అంతే. అందుకే 'హావెంట్ యూ రిసీవ్డ్ ద పేమెంట్?' అని నేనడిగి, సప్లయర్ 'ఎస్' అంటే రాలేదని నాకు ఠక్కున అర్థమయ్యేది. అదే కాల్‌లో ఉన్న మా ఇంగ్లండ్ కస్టమర్ డబ్బు చేరిందనుకుని సరుకెప్పుడు పంపుతారని మొదలుపెట్టేవాడు. అలాంటి ప్రశ్నకి ఎస్, నో అనకుండా 'వి హావెంట్ రిసీవ్డ్ ఇట్' అని పూర్తి వాక్యం చెప్పడం అలవాటు చెయ్యి. నువ్వూ చేసుకో.

అన్నట్టు, మన ఇంగ్లీష్ మరీ శుద్ధమేమీ కాదు. ఒక సప్లయర్‌కి 'ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ఇన్వాయిస్' అని మెసేజ్ పెట్టాను. నాకు తెలిసిన ఇంగ్లీష్‌లో డౌట్ అంటే వట్టి సందేహమే. ఆయన చదువుకున్న డిక్షనరీలో అది అనుమానం. దొంగ బిల్లు వేశానంటావా అని ఆయన ఒకటే గొడవ. ప్రీపోన్, డూ ద నీడ్‌ఫుల్ లాంటివి కూడా వాళ్ల జాబితాల్లో కనిపించవు, వాళ్లకి నేర్పకు.

ఇన్వాయిస్ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. బయటి వ్యాపారంలో ఇన్వాయిస్ అంటే డబ్బు కట్టమని పంపే కాగితం. ఇక్కడ వాళ్లు ఇన్వాయిస్ అని అనువదించేది 'ఫాప్యావ్'ని, అది ట్యాక్స్ లెక్కల్లోకి వెళ్లే అసలు బిల్లు. హోటల్లో ఇచ్చిన మామూలు రసీదు తీసుకుపోయి ఖర్చు ఇమ్మంటే అకౌంట్స్‌లో ఇవ్వరు. నాకు అలా ఒక ట్రిప్పు మొత్తం సొంత జేబులోంచి పోయింది. కంపెనీ పేరు, ట్యాక్స్ నంబరు ఫోన్‌లో పెట్టుకుని తిరుగు, డబ్బు కట్టినచోటే ఫాప్యావ్ అడుగు.

మిగతావి చిన్నవి. ఎవరైనా 'ఐ యామ్ అన్‌కంఫర్టబుల్ టుడే' అంటే నీ వల్ల ఇబ్బంది పడుతున్నారని కంగారుపడకు, ఒంట్లో బాగాలేదని. 'ఆడ్ ఆయిల్' అంటే కానీయ్, దుమ్ము దులుపు అని. దాన్ని 2018లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో కూడా చేర్చారు, కాబట్టి దిద్దబోకు. వాళ్లు నిన్ను పేరు పక్కన టీచర్ అని తగిలించి పిలుస్తారు, వాళ్ల పద్ధతిలో అది గౌరవం, పిలవనీ.

క్లాసుకి పుస్తకాలేమీ కొనకు. వాళ్లు ఆ రోజు పంపిన కొటేషన్లో, సప్లయర్‌తో వీచాట్‌లో నడిచిన బేరమో తీసుకో. అందులో ఒక్క చైనీస్ మాట పట్టుకుని దానికి ఎన్ని ఇంగ్లీష్ మాటలున్నాయో వాక్యాల్లో చెప్పించు. రోజుకి ఒకటి చాలు. బదులుగా నీ అద్దె కాగితం, కరెంటు బిల్లు, జీతం స్లిప్పు వాళ్ల చేత చదివించుకో. ఇంకా సర్వీస్ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నానన్నావు కదా, ఫ్లాట్ నచ్చిందని ఏజెంటుకి ఆ రాత్రే డబ్బు కొట్టకు. కాగితం ఫొటో తీసి పొద్దున ఆఫీసులో చూపించు. మొదటి అక్షరం మీద పైకప్పు ఉంటే, ఆ ఇంట్లో దిగుతానని నువ్వు గట్టిగా అనుకున్నాకే పంపు.