మెమ్‌రిస్టర్ల మీద పీహెచ్‌డీ చేస్తే పదేళ్ల తర్వాత ఏమి మిగులుతుంది?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాననీ, మెమ్‌రిస్టర్లు (తమగుండా పోయిన విద్యుత్తును గుర్తుంచుకునే పరికరాలు), న్యూరోమార్ఫిక్ కంప్యూటింగ్ (మెదడు తీరును అనుకరించే కంప్యూటర్లు) మీద పీహెచ్‌డీ చేయాలని ఉందనీ, పదేళ్ల తర్వాత ఈ రంగం ఉంటుందో ఉండదోనని ఇంట్లోవాళ్లు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటున్నారనీ మీరు రాశారు. నేను ఇదే రంగంలో పీహెచ్‌డీ చేసి, ప్రస్తుతం మెమరీ చిప్పుల మీద కొలతలు చేసే బృందంలో పనిచేస్తున్నాను. మీరు ఎంచుకునే పరికరం పదేళ్లు నిలవకపోవచ్చు. కానీ దాన్ని కొలవడం, అది ఎందుకు అలా ప్రవర్తిస్తోందో తేల్చడం వస్తే ఆ పని ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. ఇది నా ఒక్కడి అనుభవం మాత్రమే కాదు. ఈ రంగానికి పేరు తెచ్చిన స్టాన్లీ విలియమ్స్ వృత్తి జీవితాన్ని చూసినా అదే తెలుస్తుంది.

విలియమ్స్ 1978లో బర్క్‌లీలో భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొంది, కొంతకాలం బెల్ ల్యాబ్స్‌లోనూ, తర్వాత పదిహేనేళ్లు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనూ పనిచేసి, 1995లో హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాలకు మారారు. అక్కడ టెరామాక్ అనే ప్రయోగాత్మక కంప్యూటర్ ఒకటి ఉండేది. దాని హార్డ్‌వేర్‌లో ఏకంగా 2,20,000 లోపాలు ఉన్నా, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే పరీక్షించి, వాటిని తప్పించి దారులు కలపడం వల్ల అది చక్కగా పనిచేసేది. దీని మీద ఆయన, ఆయన సహచరులు 1998లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసాన్ని మీరు తప్పకుండా చదవండి. నానో స్థాయిలో కోట్ల కొద్దీ భాగాలను తయారుచేస్తే అన్నీ బాగా రావడం అసాధ్యం కాబట్టి, కంప్యూటర్‌నే లోపాలకు తట్టుకునేలా రూపొందించాలన్న ఆలోచన అందులో ఉంది.

ఆ ఆలోచనతోనే వారు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని ప్లాటినం తీగలు వేసి, అవి ఒకదాన్నొకటి దాటే చోట ఒక పొర అణువులను ఉంచి స్విచ్‌లుగా వాడాలని చూశారు. స్విచ్‌లు పనిచేశాయి, కానీ అణువుల లక్షణాలను బట్టి ఊహించిన విధంగా పనిచేయలేదు. అణువులను మార్చి చూసినా తేడా కనిపించలేదు. చివరికి తేలినదేమిటంటే, అణువులకూ పై తీగకూ మధ్య వేసిన పలుచని టైటానియం పొర ఆక్సైడ్‌గా మారిపోయి, అసలు పని అదే చేస్తోంది. బర్క్‌లీ ఆచార్యుడు లియోన్ చువా 1971లో కాగితం మీద ప్రతిపాదించిన, రెసిస్టర్, కెపాసిటర్, ఇండక్టర్‌ల తర్వాతి నాలుగో మౌలిక విద్యుత్ భాగాన్ని, అంటే తనగుండా పోయిన విద్యుత్తును గుర్తుంచుకునే నిరోధకాన్ని, ఈ టైటానియం డయాక్సైడ్‌తో ముడిపెట్టి 2008 మే నెలలో నేచర్‌లో ప్రకటించారు. అది నిజంగా చువా చెప్పిన మెమ్‌రిస్టరేనా అన్న వాదన ఇప్పటికీ సాగుతోంది. నా మట్టుకు నాకు పేరు గురించిన ఆ తగవు కంటే, పత్రం రాసుకోవడానికి పనిచేసే స్విచ్ చేతిలో ఉన్నా కారణం తెలిసేదాకా వారు వదిలిపెట్టకపోవడమే గొప్ప విషయంగా కనిపిస్తుంది.

ఈ పని దగ్గరి నుంచి ఎలా ఉంటుందో కూడా చెబుతాను. చిప్‌ను సూదులతో తాకి కొలిచే ప్రోబ్ స్టేషన్ మీద టంగ్‌స్టన్ సూదిని ప్లాటినం ప్యాడ్ మీదికి దించుతున్నప్పుడు, లోహాన్ని తాకిన క్షణాన మొన కొద్దిగా ముందుకు జారి సన్నని గీత పడుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ గీత కనిపిస్తేనే తాకినట్టు లెక్క. ఆ తర్వాత వోల్టేజీని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే, కొన్ని వోల్టుల దగ్గర, అప్పటిదాకా లేనట్టే ఉన్న కరెంటు ఒక్కసారిగా ఎగబాకి, మనం పెట్టిన పరిమితి దగ్గర ఆగుతుంది. దీన్ని మేము ఫార్మింగ్ అంటాం. ఆక్సైడ్‌లో ఆక్సిజన్ తొలగిన ఖాళీలు వరుసకట్టి కరెంటుకు దారి ఇస్తాయి. నా పరికరాల్లో కొన్నింటికి ఆ సమయంలో ప్యాడ్ కింద చిన్న బుడగ లేచేది. ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ వాయువుగా బయటపడుతూ పై లోహాన్ని ఉబ్బిస్తుందని విలియమ్స్ బృందమే 2009లో వివరించింది. బుడగ లేచిన వాటిని పాడైనవిగా రాసి పక్కన పెట్టడం మా దగ్గర అలవాటు. నేను వాటినే వరుసగా చూస్తూ, ఆక్సైడ్ మందం తగ్గించిన చిప్‌లలో బుడగలు తగ్గుతున్నాయని గమనించాను. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం దాని నుంచే వచ్చింది, ఈనాటి ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఎక్కువసేపు ప్రశ్నలు అడిగింది కూడా దాని మీదే.

మీ ఇంట్లోవాళ్ల భయం అర్థం లేనిది కాదు. హ్యూలెట్ ప్యాకార్డ్ 2010లో హైనిక్స్‌తో ఒప్పందం చేసుకుని 2013 నాటికి మెమ్‌రిస్టర్ మెమరీని అమ్మకానికి తేవాలనుకుంది, అది రాలేదు. ఇంటెల్, మైక్రాన్ 2015లో ప్రకటించిన త్రీడీ క్రాస్‌పాయింట్ మెమరీ, ఆప్టేన్ పేరుతో మార్కెట్‌కు వచ్చినా, 2022లో ఇంటెల్ ఆ వ్యాపారాన్నే మూసివేసింది. వీటిని నమ్ముకుని చదివినవాళ్లు ఉద్యోగాలు మారవలసి వచ్చింది గానీ, నాకు తెలిసినవాళ్లలో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు.

ఇక ఈ పరికరాల మీద ఆసక్తి ఎందుకు చావడం లేదంటే, కృత్రిమ మేధలో జరిగే లెక్కల్లో అధికభాగం మాత్రికల గుణకారమే. మామూలు కంప్యూటర్‌లో శక్తి చాలావరకు సంఖ్యలను మెమరీకీ ప్రాసెసర్‌కూ మధ్య తిప్పడానికే ఖర్చవుతుంది. క్రాస్‌బార్‌లో, అంటే ముందు చెప్పిన అడ్డం నిలువు తీగల అమరికలో, సంఖ్యను పరికరపు వాహకతగా (కరెంటును పోనిచ్చే సామర్థ్యంగా) అక్కడే ఉంచి, వరుసలకు వోల్టేజీ ఇస్తే, ఓమ్ నియమం గుణిస్తుంది, నిలువు తీగలో కలిసే కరెంట్లను కిర్కాఫ్ నియమం కూడుతుంది. చిక్కల్లా ఒక పరికరానికీ మరో పరికరానికీ ఉండే తేడాల దగ్గరే. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీలోని శ్రీతోష్ గోస్వామి బృందం, ఒక్కో పరికరంలో దాదాపు 16,500 వాహకత స్థాయిలను చూపిస్తూ నేచర్‌లో వ్యాసం ప్రచురించింది. అది ఆక్సైడ్ కాదు, అణువుల పొర. ఆ వ్యాస రచయితల్లో విలియమ్స్ కూడా ఉన్నారు. ఒకప్పుడు ఆయన చేతిలో పనిచేయని దారే మరో రసాయనంతో తిరిగి తెరుచుకుంది.

మీరు చేయవలసిన వాటిలో మొదటిది, సర్క్యూట్లు నేర్చుకోవడం. ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లు పరికరం దగ్గరే ఆగిపోతారు. క్రాస్‌బార్ నుంచి కరెంటు చదివే సర్క్యూట్ ఎంత చోటు, ఎంత శక్తి తీసుకుంటుందో తెలియకపోతే మీ పరికరం విలువ మీకే తెలియదు. పైథాన్ ఎలాగూ అవసరమే కాబట్టి, ఇంట్లోవాళ్లు చెప్పినదాన్ని పూర్తిగా తోసిపుచ్చనక్కర్లేదు. మీ విశ్వవిద్యాలయంలో క్లీన్‌రూమ్ (చిప్‌లు తయారుచేసే దుమ్ములేని గది) లేకపోయినా, ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం కింద బయటి విద్యార్థులు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే వంటి చోట్ల శిక్షణకు, పరికరాల తయారీకి దరఖాస్తు చేసుకోవచ్చు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం నెలకు రూ. 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌ (సీనియర్ ఫెలోషిప్)గా రూ. 42,000, దానికి అదనంగా ఇంటి అద్దె భత్యం ఉంటాయి. అయితే డబ్బు చేతికి రావడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది. నేను ఇంటి నుంచి తెప్పించుకున్న నెలలు ఉన్నాయి. ఆ మాట ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ప్రచురణల జాబితా చూసి ఊరుకోకుండా, అక్కడి సీనియర్ విద్యార్థితో విడిగా మాట్లాడండి. ఒక చిప్ మీద ఎన్ని పరికరాలు చేశారు, ఎన్నింటిని కొలిచారు, వాటిలో ఎన్ని పనిచేశాయి, పనిచేయని వాటి కొలతలు ఎక్కడ దాచారు అని అడగండి. గ్రాఫులో కనిపించే ఒక్క మంచి పరికరం గురించే చెప్పే ల్యాబ్ కంటే, ఈ ప్రశ్నలకు నోట్‌బుక్ తెరిచి అంకెలు చూపించే ల్యాబ్‌లో, అది కాస్త చిన్నదైనా, చేరడం మేలని నా అభిప్రాయం.