అరవై వేలు కట్టే ముందు మీ బేళ్ల లెక్క అబ్బాయి చేత రాయించండి

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతును. మా అబ్బాయి ఒంగోలులో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. హైదరాబాద్‌లో మెర్న్ ఫుల్ స్టాక్ కోర్సుకు 60 వేలు ఫీజు, శుక్రవారంలోగా కట్టాలంటున్నారు. మా తోడల్లుడి కొడుకు అదే నేర్చుకుని బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కాలేజీలో సార్ జావా మేలంటున్నారు, సీనియర్లు జాంగో అంటున్నారు. వీటిలో ఏది నేర్పిస్తే ఉద్యోగం గ్యారంటీ? వాడిని తప్పుదారి పట్టిస్తానేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అన్నగారూ, ఈ ప్రశ్న నా దగ్గరికి కావలి నుంచి వస్తుంది, చీమకుర్తి నుంచి వస్తుంది, కనిగిరి నుంచీ వస్తుంది. ఒకప్పుడు జావానా, డాట్‌నెట్టా అని అడిగేవారు. ఇప్పుడు మెర్నా, జాంగోనా అంటున్నారు. అడిగే పేర్లు మారాయి గానీ టెన్షన్ మారలేదు. ఒక్కసారి తప్పు ఎంచుకుంటే పిల్లవాడి బతుకు అక్కడే ఆగిపోతుందేమోనని భయం. ఆగదు, నా మాట నమ్మండి. ఇవన్నీ ఒకే పని చేసే పనిముట్లు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఎవరో ఏదో అడుగుతారు, డేటాబేస్ (వివరాలు దాచే చోటు) నుంచి ఆ వివరం తీసి చూపించాలి, కొత్త వివరం ఇస్తే దాచాలి. ఒకటి లోతుగా వచ్చినవాడు రెండోది కొద్ది నెలల్లో పట్టేస్తాడు. పొగాకు వేసే రైతు ఒక ఏడాది శనగ వేస్తే సేద్యం మర్చిపోడు కదా.

కానీ ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో తోడల్లుడి కొడుకు ఉన్నాడు, కాలేజీ సార్ ఉన్నారు, సీనియర్లు ఉన్నారు. మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. వాడిని అడిగారా? ఇంతవరకు సొంతంగా ఏదైనా చేశాడా, ఏ పని మీద కూర్చుంటే అన్నం కూడా మర్చిపోతాడు, ఇవేవీ తెలియకుండా 60 వేలు కట్టడానికి సిద్ధమయ్యారు. గ్యారంటీ అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. శుక్రవారం గడువు కూడా మిమ్మల్ని తొందరపెట్టడానికే. వచ్చే నెలలో ఇంకో బ్యాచ్ ఉంటుంది, దానికీ ఒక శుక్రవారం ఉంటుంది.

ఇక మెర్న్ గురించి. మాంగోడీబీ (డేటాబేస్), ఎక్స్‌ప్రెస్ (సర్వర్ పని రాయడానికి), రియాక్ట్ (తెర మీద కనిపించేదానికి), నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడపడానికి), ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. చెడ్డవి కావు. వాటితో నడిచే కంపెనీలు ఉన్నాయి, ఉద్యోగాలూ ఉన్నాయి. ముందు తెరకూ వెనక సర్వర్‌కూ జావాస్క్రిప్ట్ ఒక్కటే చాలడం నిజంగా సౌకర్యమే. నా అనుమానం వేరే చోట ఉంది. ఎక్స్‌ప్రెస్ చాలా తక్కువ ఇస్తుంది. లాగిన్ ఎలా పెట్టాలి, డేటాబేస్‌తో ఎలా మాట్లాడాలి, ఫైళ్లు ఎలా అమర్చాలి, అన్నీ మనమే ఎంచుకోవాలి. అనుభవం ఉన్నవాడికి అది స్వేచ్ఛ. మూడో సంవత్సరం కుర్రవాడు మాత్రం వీడియోలో చూసింది చూసినట్టు దించేస్తాడు.

అంతకంటే నన్ను బాధపెట్టేది డేటాబేస్ సంగతి. ఇలాంటి కోర్సు చేసిన ఒక కుర్రవాడు హాస్టల్ హాజరు యాప్ తెచ్చి చూపించాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. తీరా చూస్తే ప్రతి రోజు హాజరు రికార్డులోనూ విద్యార్థి తండ్రి ఫోన్ నంబరు దాచాడు. ‘నాన్న నంబరు మారితే ఎన్ని చోట్ల మార్చాలి?’ అని అడిగాను. కాసేపు చూసి తల దించుకున్నాడు. తప్పు వాడిది కాదు. టేబుళ్లు, వాటి మధ్య సంబంధాలు, వాటి నుంచి వివరాలు అడిగే భాష ఎస్‌క్యూఎల్, ఏవీ నేర్పకుండా నేరుగా టేబుళ్లు లేని మాంగోడీబీలోకి దించారు. ఇంటర్వ్యూలో జాయిన్ (రెండు టేబుళ్లను కలిపి వివరం తీయడం) గురించి అడిగితే వాడేం చెబుతాడు?

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. మెర్న్ మొత్తం ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి, వాడుకుని, మార్చుకోగలిగేది) అని బ్రోచర్లలో వేస్తారు. మాంగోడీబీ 2018లో లైసెన్స్ మార్చుకుంది. ఏది ఓపెన్ సోర్స్ లైసెన్సో తేల్చే సంస్థ ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆ కొత్త లైసెన్స్‌ను ఆమోదించలేదు. నేర్చుకునే పిల్లలకు దానివల్ల అడ్డేమీ లేదు గానీ, అమ్మేవాళ్లు చెప్పే ప్రతి మాటనూ ఒకసారి తరచి చూడాలి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. మీ అబ్బాయి మొదలుపెట్టడానికి నా ఓటు పైథాన్ భాషలో రాసిన జాంగోకే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒక పత్రికాఫీసులో పుట్టి, 2005లో అందరికీ అందింది. విలేకరుల తొందరకు తట్టుకోవడానికి తయారైంది కాబట్టి లాగిన్, డేటా నింపుకునే అడ్మిన్ పేజీలు అందులోనే ఉంటాయి. టేబుల్ ఎలా ఉండాలో పైథాన్‌లో రాస్తే డేటాబేస్‌లో అదే తయారు చేస్తుంది. జావా బాగా వస్తే, ఆ భాషలో ఇలాంటి పనిముట్టే అయిన స్ప్రింగ్ బూట్ మంచిది. బ్యాంకులు, పెద్ద కంపెనీల పని అందులో చాలా ఉంటుంది, కాలేజీ సార్ చెప్పింది కాదనలేను. కాకపోతే మొదట్లో బరువుగా అనిపిస్తుంది. పీహెచ్‌పీ అనే భాషలో రాసిన లారవెల్ 2011లో వచ్చింది. తక్కువ అద్దె హోస్టింగ్‌లో (వెబ్‌సైట్ ఉంచే అద్దె సర్వర్‌లో) నడుస్తుంది కాబట్టి చిన్న ఊళ్లలో స్కూళ్లకు, షాపులకు సొంతంగా పని చేసిపెట్టాలనుకునేవాళ్లకు నప్పుతుంది. రూబీ అనే భాషలో రాసిన రూబీ ఆన్ రైల్స్ లారవెల్ లాంటివాటికి దారి చూపించింది, కానీ మన పిల్లలకు మొదటి ఉద్యోగం కోసం దాన్ని చెప్పను.

ఇవన్నీ ఉచితం. జాంగో వాళ్లే ఇచ్చే పాఠంలో ప్రశ్నలు, ఓట్లతో చిన్న యాప్ కట్టిస్తారు. దానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు, విడిగా డేటాబేస్ ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. తర్వాత పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి పెద్ద డేటాబేస్‌కు మారవచ్చు.

ఈ ఆదివారం అబ్బాయి ఇంటికి వస్తే పక్కన కూర్చోబెట్టుకుని, పోయిన సీజన్‌లో మీరు వేలానికి తీసుకెళ్లిన బేళ్ల కాగితాలు వాడి ముందు పెట్టండి. రైతు, బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం), బేలు, తూకం, గ్రేడ్, రేటు, కొన్న కంపెనీ, వీటిని టేబుళ్లుగా గీయమనండి. మొదట అన్నీ ఒకే టేబుల్‌లో పెడతాడు. అప్పుడు మీరు అడగండి: ‘ఎవరూ పాడక నో బిడ్ అయిన బేలును ఇంటికి తెచ్చి, మళ్లీ ఇంకో రోజు తీసుకెళ్లానురా, అది ఎక్కడ రాస్తావు?’ బేలు ఒకటే, వేలానికి వెళ్లింది రెండుసార్లు. బేలుకో టేబుల్, వేలానికి వెళ్లిన ప్రతిసారికీ ఇంకో టేబుల్ కావాలని వాడికి తట్టాలి. తట్టకపోతే తిట్టకండి, టైమ్ ఇవ్వండి. ఈ విషయంలో వాడికి మీరే గురువు, వేలం ఫ్లోర్ మీద ఏం జరుగుతుందో ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ తెలియదు.

అది కుదిరాక దాన్నే జాంగోలో కట్టమనండి. మూడు నెలలు, రోజుకు రెండు గంటలు చాలు. ఆ తర్వాత రియాక్ట్ నేర్చుకుంటానంటే నేర్చుకోనివ్వండి, అప్పుడు కోర్సు కావాలో వద్దో వాడే చెబుతాడు. ముందు ఆ టేబుళ్లు గీసిన కాగితం ఫోటో తీసి నాకు పంపించండి. తప్పులుంటే దిద్ది పంపుతాను.