క్యూబులు పగలగొట్టే ఉద్యోగంలో ఎదుగుదల ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా తీసుకుంటామన్నారు. గ్రౌట్ (ఖాళీల్లో నింపే జారు సిమెంటు మిశ్రమం) శాంపిళ్ల బలం పరీక్షించడమే పనట. రోజంతా క్యూబులు పగలగొడుతూ కూర్చుంటే వాడేం నేర్చుకుంటాడు? సైట్ ఉద్యోగం దొరికేదాకా ఆగమంటారా?

జవాబు: ఆగొద్దండీ, చేరమనండి. కాకపోతే చేరేముందు ఒక్కటి అడిగి తెలుసుకోమనండి. శాంపిల్ తీయడానికి సైట్‌కి కూడా పంపుతారా, లేక మెషిన్ దగ్గరే ఉంచేస్తారా?

పగలగొట్టడం నిజంగానే నిమిషాల పని. 50 మిల్లీమీటర్ల క్యూబ్ 100 కిలోన్యూటన్ల లోడ్ దగ్గర పగిలిందనుకోండి. ఆ లోడ్‌ని క్యూబ్ ముఖం వైశాల్యం 2,500 చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే బలం 40 మెగాపాస్కల్స్. ఈ లెక్క బడిపిల్లలూ చేస్తారు. ఆ 40ని నమ్మొచ్చో లేదో చెప్పగలిగినవాడికే ఈ రంగంలో విలువ.

అది సైట్‌లోనే అబ్బుతుంది. స్టీలు స్తంభాల అడుగున ఉండే బేస్ ప్లేట్ల కింద పోసే నాన్-ష్రింక్ (గట్టిపడ్డాక కుంచించుకుపోని) గ్రౌట్‌కి సాధారణంగా క్యూబులే పోస్తారు. లోపల బోలుగా ఉండే హాలో బ్లాకు గోడల్లో పోసే గ్రౌట్ సంగతి వేరు. ఇరుకు సందుల్లోకి దిగాలి కాబట్టి దాన్ని 200 నుంచి 280 మిల్లీమీటర్ల స్లంప్ (అచ్చు తీసేశాక మిశ్రమం ఎంత కుంగిందో చెప్పే కొలత) వచ్చేలా బాగా జారుగా కలుపుతారు. పోశాక అదనపు నీటిని బ్లాకులు పీల్చేసుకుంటాయి. అదే గ్రౌట్‌ని ప్లాస్టిక్ మౌల్డ్‌లో పోస్తే నీరు ఎటూ పోదు, బలం తక్కువగా కనిపిస్తుంది. అందుకే అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం సీ1019 పద్ధతిలో ఆ గోడకు వాడే బ్లాకులనే చుట్టూ పేర్చి, లోపల నీటిని పోనిచ్చే కాగితం పరిచి, వెడల్పుకు రెండింతల ఎత్తుండే ప్రిజమ్ (నిలువు దిమ్మ) పోస్తారు. ఈ సంగతి తెలియనివాడు మామూలు మౌల్డ్‌లో పోశాడంటే రిపోర్టు ఫెయిల్ అవుతుంది, నిక్షేపంలాంటి గోడని కోసి చూడాల్సి వస్తుంది. ఇక కాంట్రాక్టర్ టెన్షన్ చూడాలి!

ఆకారం కూడా చూసుకోవాలి. పొట్టిగా ఉండే క్యూబుని మెషిన్ ప్లేట్ల రాపిడి రెండువైపులా బిగించి పడుతుంది, అందుకే అదే గ్రౌట్ పొడవాటి ప్రిజమ్‌లో కంటే క్యూబ్‌లో ఎక్కువ బలం చూపిస్తుంది. రెండు ల్యాబుల అంకెలు కలవలేదని గొడవపడేవాళ్లు ముందు ఇది చూడరు. పోసిన మొదటి రోజే శాంపిళ్లను జీపు వెనక పడేసి కుదుపుల్లో తెచ్చినా, ఎండలో వదిలేసినా ఫలితం చెడుతుంది. ఇవన్నీ కళ్లారా చూసిన కుర్రాడు క్వాలిటీ కంట్రోల్ వైపు సులువుగా వెళ్తాడు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మేసన్రీ (ఇటుక, బ్లాకు కట్టడాల) టెస్టింగ్ టెక్నీషియన్లకు సర్టిఫికెట్ పరీక్షలు కూడా పెడుతుంది.

కష్టాలూ ఉన్నాయి. దుమ్ము, బరువులు. పోశాక బలం చూడాల్సిన 28వ రోజు పండగనాడు పడినా శాంపిల్ ఆ రోజే పగలాలి. అన్నిటికంటే ముఖ్యం, తక్కువ వచ్చిన అంకెని దిద్ది రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, అది పై అధికారే అయినా సరే, ఆ ల్యాబ్‌లో ఉండొద్దని ఇప్పుడే చెప్పండి. రిపోర్టు కింద సంతకం వాడిదైతే తర్వాత చిక్కూ వాడిదే.

సైట్‌కి పంపబోమని ముందే తేల్చి చెప్తే, ఇంకో ల్యాబ్ చూసుకోవడం మేలు. పంపుతామని చేర్చుకుని ఏడాదైనా మెషిన్ దగ్గరే ఉంచితే, అప్పుడు మీరన్న సైట్ ఉద్యోగానికి ప్రయత్నించమనండి.