అరవై వేలలో ఎనిమిది: కోయి పిల్లల ఏరివేత గురించి మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం నిన్న అందింది. కొహాకు, అదే తెల్లటి ఒంటి మీద ఎర్రమచ్చలుండే రకపు అలంకార కోయి, తల్లిచేప గుర్రపుడెక్క వేళ్ళ నిండా గుడ్లు పెట్టిందనీ, నాలుగో రోజు తెల్లవారేసరికి తొట్టి గోడలకు వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు అతుక్కొని కనిపించాయనీ, అవి అరవై వేలకు తక్కువ ఉండవనీ చదివినప్పుడు, కైకలూరులో నేను హేచరీ పనిలో చేరిన తొలి ఏడాది కళ్ళ ముందు కదిలింది. నీవు అడిగిన ప్రశ్న ఒక్కటే: వీటిలో ఎన్నింటిని పెంచి పెద్ద చేయగలను? నా జవాబు ఎనిమిది. ఆ అంకె చూసి నీ మనసు చివుక్కుమంటుందని తెలిసే రాస్తున్నాను.

ఆ లెక్క చేపల నుంచి వచ్చింది కాదు, నీ తొట్టి నుంచి వచ్చింది. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు అన్నావు; అందులో పట్టేది ఎనిమిది వేల లీటర్లకు కాస్త తక్కువ. కోయి అన్నది మన చెరువుల్లో పెరిగే బంగారు తీగకు దగ్గరి బంధువే కనుక, మూడు నాలుగేళ్ళలో రెండడుగులకు ఎదగగలదు. అలా ఎదిగిన చేపకు సుమారు వెయ్యి లీటర్ల నీరు ఉండాలని నేను పెట్టుకున్న నియమం. తల్లిచేపల తొట్టి వేరుగా ఉంది కాబట్టి పిల్లల తొట్టిలో చివరికి మిగలవలసినవి ఎనిమిది. ఈ అంకెను ఈ రోజే పుస్తకంలో రాసుకొని అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకో: ఆరు నెలలకు ముప్పై, మూడు నెలలకు నూట యాభై, మొదటి ఏరివేత తరువాత వెయ్యి. పిల్లలను చూసి ముచ్చటపడిన తరువాత లెక్క వేయడం మొదలుపెట్టినవారు ఎవరూ ఆ లెక్కకు కట్టుబడలేదు, నాతో సహా.

ఇన్నింటిని తీసివేయవలసి రావడానికి ఒక కారణం ఉంది, అది తెలిస్తే పని కొంత తేలికవుతుంది. జపానులోని నీగాటా ప్రాంతపు కొండపల్లెల్లో, యమకోషీ చుట్టుపక్కల, పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో రైతులు తిండి కోసం పెంచుకున్న మామూలు నల్లచేపల్లో అరుదుగా ఎర్రమచ్చలు, తెల్లటి ఒళ్ళు కనిపిస్తే, వాటిని విడిగా ఉంచి తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు. 1914లో టోక్యోలో జరిగిన తైషో ప్రదర్శనతో అవి బయటి ప్రపంచానికి తెలిశాయి. ఇంత ఏరినా ఆ మచ్చల అమరిక తల్లిదండ్రుల నుంచి ఉన్నదున్నట్లుగా పిల్లలకు దిగదు. ఎంత మేలైన కొహాకు జంటకు పుట్టినా ఎన్నో పిల్లలు మచ్చే లేని తెల్లవిగానో, మొత్తం నారింజరంగువిగానో వస్తాయి. అందువల్ల నీ తొట్టిలో తెల్లపిల్లలు ఎక్కువగా కనిపిస్తే తల్లిచేప మంచిది కాదని అనుకోవద్దు.

మొదటి మేత సంగతి ఫోనులో చెప్పాను కనుక క్లుప్తంగా రాస్తాను. గుడ్డు పచ్చసొనను గుడ్డలో వడగట్టి ఇవ్వడం మొదటి రెండు మూడు రోజులకే పరిమితం చెయ్యి, ఆపైన అది నీటిని కుళ్ళబెడుతుంది. వేరే తొట్టిలో పచ్చనీరు, అంటే సన్నటి నాచుతో పచ్చబడిన నీరు, తయారుచేసి మోయినా అనే చిన్న నీటిపురుగులను పెంచుకుంటే అంతకు మించిన మేత లేదు. రెండు వారాలు దాటాక సన్నగా జల్లించిన తవుడు, వేరుశనగ చెక్క పొడి సమపాళ్ళలో కలిపి, రోజుకు నాలుగైదుసార్లు, చిటికెడు చిటికెడుగా వెయ్యి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: పురుగు మేత దొరుకుతుందని ఏ చేపల చెరువు నీటినీ తెచ్చి పోయవద్దు. ఆ నీటితో చేప పేను వస్తుంది, తూనీగ పిల్లపురుగులు వస్తాయి. కొల్లేటి చుట్టుపక్కల రైతులు చేప పేనుతో ఎంత నష్టపోతారో చూసినవాణ్ణి. ఒక్క తూనీగ పురుగు వారం రోజుల్లో ఎన్ని పిల్లలను పట్టి తింటుందో లెక్కపెట్టలేవు. తొట్టి మీద సన్నకన్ను వల కప్పి ఉంచితే తూనీగలు గుడ్లు పెట్టవు, లకుముకి పిట్టా దిగదు. కుళాయి నీరు మార్చేటప్పుడు క్లోరిన్ పోయేలా ఒకటి రెండు రోజులు గాలిరాయితో (గాలి బుడగలు వదిలే రాయి) నిలవ ఉంచిన నీటినే పోయాలి.

మూడో వారంలో కొన్ని పిల్లలు తోటివాటికంటే రెండింతలు పెరిగి, తలలు పెద్దవిగా కనిపిస్తాయి. జపానువారు వీటిని తోబీ అంటారు. బాగా ఎదుగుతున్నాయని మురిసిపోయి వాటిని ఉంచుకోవాలనిపిస్తుంది. అవి తమ తోడబుట్టిన చిన్నవాటిని మింగి పెరుగుతున్నాయి, మరో పది రోజులు ఆగితే ఏరివేత పని నీకు మిగలనివ్వవు, అది కూడా మచ్చలు మంచివో చెడ్డవో చూడకుండా. వాటిని వెంటనే పట్టి వేరే డబ్బాలో వెయ్యి. వాటిలో మంచి అమరిక ఉన్నవి ఉంటే ఏరివేతనాడు అన్నింటితో కలిపి చూడవచ్చు.

ఇక అసలు పని. పిల్లలు అంగుళం పొడవుకు వచ్చాక, అంటే ఈదడం మొదలుపెట్టిన ముప్పై నుంచి ముప్పై అయిదు రోజుల మధ్య, మొదటి ఏరివేత చెయ్యి. ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపు, కడుపు నిండిన పిల్లలు చేతి అలజడిని తట్టుకోలేవు. ఉదయం ఆరున్నరకే, ఎండ రాకముందే, నీడలో కూర్చో. తొట్టి నీటినే తెల్లటి ప్లాస్టిక్ బేసినులో నాలుగు వేళ్ళ లోతున పోసి, ఒకసారికి యాభైకి మించకుండా పిల్లలను వెయ్యి. కోయిని పైనుంచి చూడాలి, పక్కనుంచి కాదు. గాజు తొట్టిలో చూసి ఏరినవారు వెన్నును చూడకుండా పొట్టను చూసి ఏరతారు. చిన్న గరిటెతోనో తెల్ల చెంచాతోనో నీటితో సహా పట్టుకోవాలి, వలతో గోకితే పొలుసులు ఊడతాయి. పక్కన మూడు బకెట్లు పెట్టుకో: ఉంచేవి, తీసేవి, సందేహం ఉన్నవి. మూడింటిలోనూ గాలిరాయి ఉండాలి.

మొదట ఆకారం చూడు, రంగును తరువాత చూడు. వెన్ను వంకర ఉన్నవి, మొప్ప మూత పొట్టిగా ఉండి లోపలి ఎరుపు బయటకు కనిపించేవి, నోరు ఒక పక్కకు తిరిగినవి, ఒక రెక్క చిన్నదిగా ఉన్నవి, ఒక కన్ను లేనివి, ఎంత అందమైన మచ్చలున్నా తీసేయవలసినవే. ఈ లోపాలు పెద్దయ్యాక సర్దుకోవు, మరింత స్పష్టమవుతాయి. తరువాత మచ్చ లేని తెల్లవి, మొత్తం ఎర్రవి వేరుచెయ్యి. ఇక్కడితోనే సగానికి పైగా తగ్గుతాయి, ఇంతవరకూ కష్టమేమీ ఉండదు. కష్టం మిగిలినవాటిలో మొదలవుతుంది, ఎందుకంటే ఆ వయసు ఎరుపు ఎరుపు కాదు, పలుచని నారింజ. దాని రంగు గాఢతను చూడవద్దు, అంచును చూడు. మచ్చ అంచు కత్తితో కోసినట్లు ఉందా, లేక తడి కాగితం మీద సిరా పాకినట్లు ఉందా అన్నదే ఇప్పుడు నమ్మదగిన గుర్తు. తెలుపు పాలలా ఉండాలి, పసుపు జీర ఉండకూడదు. తల మీద ఎరుపు తప్పక ఉండాలి, అయితే అది కళ్ళను దాటి బుగ్గల మీదికి జారకూడదు. వీపు పొడుగునా ఒకే పట్టీలా సాగిన ఎరుపు కంటే, మధ్యమధ్య తెలుపు తెగి విడివిడిగా నిలిచిన మచ్చలు మేలు.

ఇంకొక మాట, ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది. నెల పిల్లలోనే దట్టంగా, నిప్పులా మెరిసే ఎరుపు కనిపిస్తే చెయ్యి తనంతట తాను దానివైపే పోతుంది. నా తొట్టిలో అలాంటివి చాలావరకు మగవి అయ్యాయి, రెండో ఏటికల్లా ఎరుపు అక్కడక్కడ విరిగిపోయింది. ఒళ్ళంతా ఒకే మందంలో పరుచుకున్న లేత నారింజ, వెడల్పాటి తల, లావైన తోకమొదలు ఉన్న పిల్ల మొదటి ఏడాది ఎవరి కంటికీ ఆనదు, తరువాత ఏళ్ళలోనే తేరుతుంది. ఇలా ముందుముందు తేరే పిల్లను జపానువారు తాతెగోయి అంటారు. దాన్ని గుర్తుపట్టడమే ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. రంగు మేతలు మొదటి ఆరు నెలలు వెయ్యవద్దన్నది కూడా ఇందుకే: స్పిరులినా అనే నాచు పొడితో ఎరుపు తేలితే, చేప తనంతట తాను చూపగలిగేది నీకు కనపడకుండా పోతుంది.

కళ్ళు అలసిపోతే అన్ని పిల్లలూ ఒకలాగే కనిపిస్తాయి. ముప్పావుగంట చూసి లేచిపో, కాఫీ తాగి మళ్ళీ కూర్చో. సందేహపు బకెట్టును ఆ రోజే తేల్చకుండా వారం తరువాత మళ్ళీ చూడు. మొత్తం పనికి నాలుగైదు ఉదయాలు పడతాయి.

ఏడేళ్ళ క్రితం నేను ఈ మాటలేవీ పాటించలేదు. ఒక జంట పిల్లల్లో రెండు వేలు నాకు నచ్చాయి, ఒక్కదాన్నీ వదలబుద్ధి కాక, నీ తొట్టికంటే కొంచెమే పెద్దదైన తొట్టిలో అన్నింటినీ ఉంచుకున్నాను. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగాయి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువ, పైగా రాత్రిపూట పచ్చనీరు కూడా దాన్ని వాడుకుంటుంది, అందుకని ఎప్పుడూ తెల్లవారుజామునే అది అన్నిటికంటే తగ్గుతుంది. ఐదు గంటలకు లేచి చూసేసరికి పైన తెల్లటి పొర తేలినట్లు ఉంది. ఆ రెండు వేలలో నిజంగా నిలబడవలసిన ముప్పై నలభై కూడా మిగిలినవాటితో పాటే పోయాయి. వాటిని చంపింది కరెంటు అని ఇరుగుపొరుగు ఓదార్చారు. నా చేతి మెతకదనం అని నాకు తెలుసు. కనుక ఏప్రిల్ రాకముందే పిల్లలను తగ్గించు, బ్యాటరీతో నడిచే ఏరేటర్ ఒకటి సిద్ధంగా ఉంచు, తొట్టిలో మూడో వంతుకైనా నీడ పడేలా వల కట్టించు.

రెండో ఏరివేత రెండున్నర నెలలకు, మూడోది నాలుగైదు నెలలకు. వీటి గురించి విడిగా చెప్పవలసింది తక్కువ, కన్ను అప్పటికి తనంతట తాను తయారవుతుంది. యమకోషీలో పిల్లలు వేసవి అంతా మట్టి చెరువుల్లో పెరిగి, మంచు పడే నెలల్లో ఇంటి లోపలి తొట్లలో ఉంటాయి. మనకు అలాంటి చలి విరామం లేదు కనుక ఎదుగుదల ఆగదు, అందుచేత వారి కాలపట్టికను యథాతథంగా పాటిస్తే నీవు ఎప్పుడూ ఆలస్యమవుతావు. మీ అబ్బాయి షోవా, అంటే నల్లటి ఒంటి మీద ఎరుపు, తెలుపు మచ్చలుండే కోయి, కావాలంటున్నాడని రాశావు. అవి వచ్చే ఏటికి ఉండనీ. షోవా పిల్లలను పుట్టిన మూడు నాలుగు రోజుల్లోనే ఏరాలి, నల్లగా పుట్టినవాటినే ఉంచాలి; అది వేరే చేతివాటం.

తీసేసిన పిల్లల సంగతి దాటవేయను. వాటిని మూసీలోనో, ఊరి చెరువులోనో, కాలువలోనో వదలడం దయ కాదు. ఈ జాతి చేప బురదను తవ్వి మేత వెతుకుతుంది, నీటిని మురికి చేసి అక్కడి మొక్కలను, స్థానికమైన చేపల గుడ్లను దెబ్బతీస్తుంది; జబ్బులనూ మోసుకుపోతుంది. లోపాలు ఉన్నవాటికి నేను చేసేది ఇది: లవంగ నూనెను గోరువెచ్చని నీటిలో సీసాలో వేసి బాగా గిలకొట్టి, లీటరు నీటికి అర మిల్లీలీటరు నూనె చొప్పున కలిపి, ఆ నీటిలో పిల్లలను వేస్తాను. క్షణాల్లో మత్తు వస్తుంది, మొప్పల కదలిక పూర్తిగా ఆగాక కూడా అరగంట అలాగే ఉంచుతాను. తరువాత జామచెట్టు మొదట్లో పూడుస్తాను. నలభై ఏళ్ళు చేపలతో బతికినా ఆ పని నాకు అలవాటు కాలేదు, అలవాటు కావాలని కోరుకోలేదు. రెండో ఏరివేతలో తీసే ఆరోగ్యమైన పిల్లలను మాత్రం సొంత తొట్టి ఉన్నవారికి, ఆ తొట్టిని నీ కళ్ళతో చూసిన తరువాతే, ఇవ్వు. గాజు గిన్నెలో పెట్టుకుంటామన్నవారికి ఒక్కటి కూడా ఇవ్వవద్దు.

ఇకముందు వారానికి ఒకసారి ఇరవై పిల్లలను బేసినులో వేసి, పైనుంచి ఫోటో తీసి, తేదీ రాసి ఉంచు. ఏ పిల్ల ఎలా మారిందో ఆ ఫోటోల్లో తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేము. ముప్పై రోజులు నిండేసరికి నేను హైదరాబాదు వస్తాను, మొదటి ఉదయం నీ పక్కన కూర్చుంటాను. తెల్ల బేసినులు రెండు కొని ఉంచు, నీలంవి వద్దు, వాటిలో తెలుపు నాణ్యత తెలియదు. మీ అత్తయ్య చేసిన ఆవకాయ తెస్తున్నాను.

ఇట్లు,
మామయ్య