ఒక టీచరుకు తెలిసింది ఏడుగురికీ తెలియాలి

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. డిస్లెక్సియా ఉందని మూడో తరగతిలోనే తేలినా అప్పట్లో బాగానే నెట్టుకొచ్చాడు. హైస్కూలుకు వచ్చాక మార్కులు పడిపోయాయి. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. ప్రత్యేక పాఠశాలలో చేర్చమని స్కూలువారు, వట్టి బద్ధకమని మావారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మారింది మీ అబ్బాయి కాదు, బడి తీరు. చిన్న తరగతుల్లో రోజంతా దాదాపు ఒక్క టీచరే ఉంటారు కనుక వాడు ఎక్కడ తడబడతాడో ఆమెకు తెలిసిపోతుంది. హైస్కూల్లో పీరియడుకొకరు చొప్పున వచ్చే ఆరేడుగురికి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. డిస్లెక్సియా తెలివితక్కువతనం కాదు, అక్షరాన్ని ధ్వనితో జతపరచడంలో ఉండే ఇబ్బంది. బోర్డు మీది వాక్యాన్ని చూసి రాసుకోవడానికే వాడి శక్తంతా ఖర్చయి, సగం రాసేలోగా బోర్డు తుడిచేస్తే, ఆ సగం నోట్సుతోనే పరీక్షకు చదవాలి. ఆ నోట్సు ఒకసారి మీవారి చేతిలో పెట్టండి. నాకన్నా అదే బాగా చెబుతుంది.

పేజీల కొద్దీ ఉండే డిస్లెక్సియా నిర్ధారణ నివేదికను సబ్జెక్టు టీచర్లు చదవరు, చదివే తీరికా ఉండదు. ఒక్క పేజీ కాగితం తయారుచేయండి: నోట్సు ముద్రించి ఇవ్వాలి, ముందుగా చెప్పకుండా పైకి చదివించకూడదు, సైన్సు జవాబులో అక్షరదోషాలకు మార్కులు కోయకూడదు, పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలి. అది అందరికీ చేరేలా చూసే బాధ్యత క్లాస్ టీచరో స్పెషల్ ఎడ్యుకేటరో, ఎవరో ఒక్కరు తీసుకోవాలి. అంతకన్నా ముందు ఆ కాగితం మీ అబ్బాయితో కూర్చుని రాయండి. పదమూడేళ్ల పిల్లవాడికి మార్కులు తగ్గడం కన్నా స్నేహితుల ముందు వేరుగా కనిపించడమే పెద్ద బాధ. పక్కన సహాయకుణ్ణి కూర్చోబెడతామంటే వద్దనవచ్చు, వాడి మాట వినండి. పరీక్ష రాసిపెట్టే సహాయకుణ్ణి కోరితే మాత్రం అనుమతికి ముందుగానే దరఖాస్తు చేసి, ఇంట్లో సాధన చేయించండి. జవాబు తెలియడం వేరు, దాన్ని మరొకరికి చెప్పి రాయించడం వేరు.

వైకల్యం కారణంగా ఎవరినీ సాధారణ విద్యకు దూరం చేయరాదని 2006 నాటి ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం చెబుతుంది. కాబట్టి స్కూలువారితో వాదానికి దిగకుండా, ఇప్పటివరకు ఏయే సర్దుబాట్లు చేసి చూశారో రాతపూర్వకంగా అడగండి.

కడుపునొప్పిని ఒకసారి వైద్యునికి చూపించండి. ఆ తరువాత టైంటేబుల్ పక్కన పెట్టుకుని, నొప్పి ఏ రోజుల్లో వస్తోందో రెండు వారాలు గుర్తు పెట్టండి. అది పైకి చదివించే పీరియడు ఉన్న రోజే అయితే, మొదట మాట్లాడవలసింది ఆ టీచరుతోనే.