కథలో డాక్టర్ తొందరపడ్డాడు

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి రిపోర్టు మీద సంతకం పెట్టేముందు చదివినట్టు. ముప్పై ఏళ్ళు పెథాలజిస్టుగా మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడికి కథ పంపితే ఈ బాధ తప్పదు మరి.

జగిత్యాల కుర్రాడు, దుబాయ్ ప్రయాణం, ఊపిరితిత్తి మొదట్లో వాచిన లింఫ్ గ్రంథి, దాని పేరు క్యాజిల్‌మన్ వ్యాధి. సరుకు మంచిదే. కానీ మొదటి పేజీలోనే వాడిచేత రక్తం కక్కించావు. ఎందుకమ్మా? ఈ గడ్డ ఒక్కచోటే ఉన్నప్పుడు చాలామందికి ఏ బాధా తెలియదు. పెరిగి శ్వాసనాళాన్ని నొక్కితే దగ్గో ఆయాసమో వస్తుంది. లేదంటే వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. ఆ ఎక్స్‌రే నీ చేతిలోనే ఉంది, నువ్వు వాడుకోలేదు. గల్ఫ్ వీసా మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు కదా! దుక్కలా ఉన్న మనిషి కాగితం మీద ‘అన్‌ఫిట్’ అని పడుతుంది. ఏజెంటుకు డబ్బు కట్టేశాడు, అప్పు మీద వడ్డీ నడుస్తోంది. “నాకేం కాలే సార్” అని వాడు కౌంటర్ దగ్గర వాదించాలి. రక్తం కంటే ఆ మాటకే పాఠకుడి గుండె జారుతుంది.

ఇక నీ డాక్టర్. ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టుకుని “ఇది క్యాజిల్‌మన్” అనేశాడు. అలా ఎవరూ అనరు. మన దగ్గర ఛాతీలో బిళ్ళలు, అంటే వాచిన గ్రంథులు, కనబడితే ముందు టీబీ అనుకుంటారు, తర్వాత లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, ఆ తర్వాత గ్రంథులు వాచే సార్కాయిడోసిస్ అనే ఇంకో జబ్బు. కాంట్రాస్ట్ మందు రక్తంలోకి ఎక్కించి సీటీ స్కాన్ తీస్తే ఈ గడ్డ బాగా వెలుగుతుంది, ఎందుకంటే దాని నిండా రక్తనాళాలే. అయినా అది అనుమానమే. ఖాయం చేసేది ముక్క పరీక్ష, అదే బయాప్సీ.

ముక్క అన్నాను కదా అని సూది అనుకునేవు. నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన సూది నమూనా నా దగ్గరికొచ్చింది. మామూలు లింఫోసైట్లు, అంటే గ్రంథిలో ఎప్పుడూ ఉండే తెల్ల కణాలు, కనిపించాయి. ‘రియాక్టివ్’ (దేనికో స్పందించి వాచిన గ్రంథి) అని రాసి పంపాను. రాసింది తప్పు కాదు. ‘ఇది చాలదు, గ్రంథి మొత్తం కావాలి’ అన్న రెండో వాక్యం రాయకపోవడం తప్పు. ఆయన ఆర్నెల్లు టీబీ బిళ్ళలు మింగాడు. (మన భాషలో గ్రంథి వాచినా బిళ్ళే, వేసుకునే మందూ బిళ్ళే. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు.) గడ్డ ఉన్నంతే ఉంది. చివరికి ఆపరేషన్ చేసి దాన్ని తెచ్చి నా టేబుల్ మీదే పెట్టారు.

ఈ జబ్బులో ఒక్కో కణాన్ని విడిగా చూస్తే ఏమీ తెలియదు, అవి కూర్చున్న తీరు చూడాలి. ముగ్గు చెరిపేసి, పిండి చేతిలో పోసి, ఏ ముగ్గో చెప్పమంటే ఎలా చెబుతాం? గడ్డ మొత్తం వచ్చాక ఆ ముగ్గు కనిపించింది. మధ్యలో ఎండి ముడుచుకుపోయిన చిన్న గుండ్రం, దాని చుట్టూ వరసలు వరసలుగా నీలం చుక్కలు, అచ్చం అడ్డంగా కోసిన ఉల్లిపాయ. పక్కనుంచి ఒక సన్నటి రక్తనాళం పుల్లలా ఆ గుండ్రంలోకి గుచ్చుకుని ఉంది. దాన్ని మావాళ్ళు లాలీపాప్ అనే అంటారు. ఆ పూట నేను అన్నం తినలేదు.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసిన బెంజమిన్ క్యాజిల్‌మన్, ఈ జబ్బు ఎవరి పేరు మీద ఉందో ఆయన, కూడా పెథాలజిస్టే. 1954లో మొదటి కేసు గురించి రాశాడు, 1956లో పదమూడు మందివి కలిపి అచ్చువేశాడు. ఆ గడ్డలు ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కణితుల్లా కనబడ్డాయి. ఇంకోదానిలా కనబడటం ఈ జబ్బుకు పుట్టుకతో వచ్చిన గుణం. నీ కథకు మలుపు అక్కడ దొరుకుతుంది.

కథ చివర అమెరికా నుంచి మందు తెప్పించి కుర్రాణ్ణి బతికించావు. అది ఎక్కడిదో నాకు తెలుసు. అమెరికాలో డేవిడ్ ఫాజెన్‌బామ్ మెడిసిన్ చదువుతూ 2010లో క్యాజిల్‌మన్‌తోనే పడిపోయాడు, 2014 నుంచి కిడ్నీ మార్పిడి వాళ్ళకిచ్చే సిరోలిమస్ వాడుతున్నాడు. అది నిజం. కానీ ఆయనది ఒళ్ళంతా గ్రంథులు వాచే రకం. జ్వరం, ఒంట్లో నీరు, కిడ్నీలు కాలేయం దెబ్బతినడం అందులో రావచ్చు. అందులో హెచ్‌ఐవీ, హెచ్‌హెచ్‌వీ-8 వైరస్ పరీక్షలు చేస్తారు, ఒంట్లో వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే సిల్టుక్సిమాబ్ లాంటి మందులు వాడతారు. పేరు ఒకటే, జబ్బు వేరు. నీ కుర్రాడికి కావలసింది మందు కాదు, సర్జన్. గడ్డ మొత్తం తీసేస్తే చాలామందికి అంతటితో నయమవుతుంది. తీయడమే కష్టం. ఊపిరితిత్తి మొదట్లో పెద్ద నాళాలకు అతుక్కుని ఉంటుంది, చెయ్యి పెడితే రక్తం కారుతుంది. అందుకే కొందరికి ముందుగా దాని రక్తనాళాలు మూసేసి ఆ తర్వాత ఆపరేషన్‌కు దిగుతారు.

నీకు విషాదమే కావాలంటే అబద్ధం అక్కర్లేదు. అరుదుగా ఈ గడ్డతోపాటు నోటినిండా పుళ్ళు వస్తాయి. పచ్చడి సంగతి దేవుడెరుగు, మజ్జిగన్నం కూడా దిగదు. పళ్ళ డాక్టర్ దగ్గరికి, చర్మం డాక్టర్ దగ్గరికి తిరుగుతుంటారు, ఛాతీ ఎక్స్‌రే తీయించాలని ఎవరికీ తోచదు. కొందరిలో గడ్డ తీసేశాక కూడా ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి, ఆయాసం మిగిలిపోతుంది. ఇది వాడదలిస్తే మొదటి పేజీలోనే పుండు చూపించు. చివర్లో తెచ్చి అతికించకు.

తల్లి పాత్రను అంత ఏడిపించావు గానీ ఆమెచేత ఒక్క ప్రశ్న అడిగించలేదు. ఒక తల్లి అడగగా నేను విన్నది ఇది:

“క్యాన్సరా కాదా, గదొక్కటి చెప్పు సారూ.”

“కాదమ్మా.”

“మరి గింత పెద్ద ఆపరేషన్ ఎందుకు?”

ఆ ప్రశ్నకు ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నీ డాక్టర్ కూడా తడబడితే బాగుంటుంది.

తిరగరాసి పంపు. ఆపరేషన్ ముందురోజు రక్తం ఇవ్వడానికి మనుషుల్ని తీసుకురమ్మంటారు. ఊరినుంచి ఎవరెవరు వచ్చారో రాయి. ఆ ఏజెంటు వస్తాడేమో కూడా చూడు.

ఉంటాను,
నీ మాస్టారు