బడి వద్దంటోంది, ట్యూషన్ మాత్రం చెబుతోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తూ అలవాటుగా అంకెలు తెలుగులో పలికిందని మాస్టారు అందరి ముందూ వెక్కిరించారు. అప్పట్నుంచి క్లాసులో నోరు విప్పలేదు. ఇప్పుడు ప్లస్ టూ సైన్స్ రెండో ఏడు. లెక్కలు వదిలేసి బయాలజీ తీసుకుంది. సాయంత్రాలు వీధి పిల్లలకు చక్కగా ట్యూషన్ చెబుతుంది. బీఈడీ మాటెత్తితే మాత్రం "మళ్లీ బడి గడప తొక్కను" అంటోంది. విశాఖ పంపి నర్సింగో డిగ్రీనో చదివిద్దామని వాళ్ల నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు పాత ప్రోగ్రెస్ కార్డులు తీసి వరసగా పెట్టండి. ఆరు, ఏడు తరగతుల్లో మార్కులు బాగుండి, ఎనిమిదిలో లెక్కల్లో ఒక్కదాంట్లోనే పడిపోయుంటే, పాపకు లెక్కలు వచ్చినట్టే. ఆ మాస్టారి ఎదుట నిలబడడానికే భయపడింది. మొదటినుంచీ తక్కువే అయితే మాత్రం నేరమంతా ఆ ఒక్కరోజు మీద వేయకండి. రాని పనికి ఒక కారణం దొరికితే పిల్లలు వదలరు, పెద్దలమూ అంతే.

బడిలో పడిన మాట చాలామంది చేత కోర్సు ఎంపిక చేయిస్తుంది. దీనికి తిరగేసిన కేసులూ చూస్తుంటాను. మాస్టారు బాగా చెప్పారని కెమిస్ట్రీ తీసుకుంటారు, కాలేజీలో ఆ మాస్టారు ఉండరు, ఇష్టమూ ఉండదు. మీ అమ్మాయి కూడా మనిషి మీద కోపంతో పనిని కాదంటోంది. ఎవరూ చెప్పకుండానే రోజూ పిల్లల్ని కూర్చోబెట్టుకుంటోంది కదా, ఏ ఆప్టిట్యూడ్ టెస్టు కన్నా నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. ఆ పిల్లల్లో ఎవరైనా అంకెలు తెలుగులో పలికితే తను ఏం చేస్తుందో ఒకసారి అడిగి చూడండి. మీకు దగ్గరి పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి తానే సవర భాష నేర్చుకుని వాచకాలు రాశారు. మీ ప్రాంతంలో అలాంటి టీచర్ల అవసరం ఇప్పటికీ తీరలేదు.

వాళ్ల నాన్నగారి ఆలోచనలో ఒక చిక్కుంది. ఆంధ్రాలో కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో 85 శాతం స్థానికులకే. మిగతా 15 శాతానికీ నివాస నిబంధనలుంటాయి. ఒడిశాలో చదివిన పిల్లకు అక్కడ సీటు తేలిక కాదు. పైగా ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు కావాల్సిన ఒడియా అర్హత తనకు బడి చదువుతోనే వచ్చేసింది. దాన్ని వదులుకుని పోవడం నాకైతే నచ్చలేదు.

బీఈడీకి వేరే దారి కూడా ఉంది. ప్లస్ టూ కాగానే నాలుగేళ్ల ఐటీఈపీలో చేరితే డిగ్రీ, బీఈడీ కలిసి పూర్తవుతాయి. దానికి కేంద్ర పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. భువనేశ్వర్‌లోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ గురించి కూడా కనుక్కోండి. తర్వాత టీచర్ అర్హత పరీక్షలు ఎలాగూ ఉంటాయి. కేంద్రం పెట్టే సీటెట్‌లో ఎంచుకునే భాషల్లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఇంట్లో భాష, బడి భాష రెండూ వచ్చినవాళ్లకు అక్కడ మంచి వీలు.

బలవంతం మాత్రం చేయకండి. సెలవుల్లో తను చదవని వేరే బడిలో, తెలిసిన టీచరమ్మ పక్కన కొన్నాళ్లు చిన్న తరగతుల్లో సాయంగా ఉండనివ్వండి. అప్పటికీ వద్దంటే నర్సింగ్ చూద్దాం, బరంపురంలోనూ ప్రయత్నించొచ్చు. బడి మాటెత్తగానే నిద్ర పట్టకపోవడం, వణకడం లాంటివి ఉంటే కోర్సు సంగతి పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, ఉచితమే.

ఇంకోటి. ఆధార్‌లోనూ మెట్రిక్ సర్టిఫికెట్‌లోనూ ఇంటిపేరు ఒకేలా ఉందో ఇప్పుడే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒడియా నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగ్ పడుతుంది. దరఖాస్తు రోజున ఆ టెన్షన్ ఎందుకు?